పిడికిటిలోని చిన్న గొడుగు

ఎత్తయిన వంతెన మీదినుంచో, కొండకొమ్ము మీదినుంచో ఒక మనిషి శూన్యంలోకి దూకడం, కొంత దూరం రాయిలా పడిన తరువాత వీపు మీది సంచిలోనుంచి పారాచూట్ విచ్చుకోవడం, అతడు మెల్లగా తేలుతూ దిగడం – ఈ దృశ్యాన్ని సెల్ ఫోనులో చూడని ఇల్లు ఇప్పుడు అరుదు. చూసిన పెద్దలు “ఇదెక్కడి పోయేకాలం!” అంటారు. పిల్లలు “ఎంత ధైర్యం!” అంటారు. రెండు మాటలలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని ఆ మనిషిని ప్రాణాలతో నేలకు చేర్చేది అతని ధైర్యం కాదు. అతని కుడిచేతి పిడికిటిలో, చూసేవారి కంటికి ఆనని ఒక గుడ్డముద్ద ఉంటుంది. దాని పేరు పైలట్ చూట్. దానిని ఎట్లా పట్టుకోవాలి, ఎప్పుడు ఎట్లా వదలాలి అనే చిన్న విద్య మీదనే ఆ ప్రాణం ఆధారపడి ఉన్నది. ఆ విద్యను గురించి నాలుగు మాటలు చెప్పాలని మా ప్రయత్నం.

మన పాఠకులలో ఎవరో రేపే దూకబోతున్నారని మేము అనుకోవడం లేదు. అయితే మన కుటుంబాల పిల్లలు నేడు దేశదేశాలలో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. “సెలవులలో ఇది నేర్చుకొంటున్నాను” అని వారిలో ఒకరు అంటే, కేకలు వేయడమో, కన్నీరు పెట్టుకోవడమో తప్ప మనకు మరొక దారి తెలియదు. విషయం తెలిసిన పెద్ద అడిగే ప్రశ్న, తెలియని పెద్ద వేసే కేక కంటే ఎక్కువ పని చేస్తుంది గదా!

ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు

విమానంలోనుంచి దూకడం వేరు, కదలని చోటినుంచి దూకడం వేరు. ఈ రెండవదానికే బేస్ జంపింగు అని పేరు. బేస్ అన్నది నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల కూర్పు. బిల్డింగు అంటే భవనం, యాంటెన్నా అంటే రేడియో స్తంభం, స్పాన్ అంటే వంతెన, ఎర్త్ అంటే కొండచరియ. ఈ నాలుగు రకాల చోట్లనుంచీ దూకినవారికి వరుస నంబరు ఇచ్చే ఆచారం 1981లో అమెరికాలో మొదలైంది. మొదటి రెండు నంబర్లు ఫిల్ స్మిత్, ఫిల్ మేఫీల్డు అనేవారివి. ఈ పేరును వాడుకలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు కార్ల్ బేనిష్ అనే ఛాయాగ్రాహకుడు. 1978లో కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటాన్ అనే నిలువు కొండమీదినుంచి మిత్రులు దూకుతుండగా ఆయన సినిమా తీశాడు. ఆ సినిమాతోనే ఈ ఆట లోకానికి తెలిసింది. ఆయనే 1984లో నార్వేలోని ట్రోల్ గోడ అనే కొండనుంచి దూకి మరణించాడు.

అంతకు ముందు, 1966లోనే, మైకేల్ పెల్కీ, బ్రయన్ షూబర్ట్ అనే ఇద్దరు యువకులు ఇదే ఎల్ కాపిటాన్ మీదినుంచి ఆ కాలపు గుండ్రని పారాచూట్లతో దూకారు. ఇద్దరూ బ్రతికారు గాని ఇద్దరికీ ఎముకలు విరిగాయి. ఈ షూబర్ట్ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. చివర ఆయనతో మనకు పని ఉన్నది.

మన దేశానికీ ఈ ఆటకూ సంబంధం లేకపోలేదు. గఢ్వాల్ హిమాలయాలలోని మేరు శిఖరం మీద, 6,600 మీటర్ల ఎత్తునుంచి, 2006లో గ్లెన్ సింగిల్మన్, హెదర్ స్వాన్ అనే ఆస్ట్రేలియా దంపతులు దూకి క్షేమంగా దిగారు. అయితే అంత ఎత్తున్నచోట మనిషికి వ్యవధి ఉంటుంది. వ్యవధి లేనిది తక్కువ ఎత్తులోనే. ఎత్తు తక్కువైతే ప్రమాదమూ తక్కువ అనుకోవడం మనకు సహజం. ఇక్కడ సంగతి తలక్రిందులు.

సెకన్ల లెక్క

అమెరికాలో ఐడహో రాష్ట్రంలో ట్విన్ ఫాల్స్ అనే పట్టణం ఉన్నది. అక్కడ స్నేక్ నది మీద పెరిన్ వంతెన ఉన్నది. నీటినుంచి వంతెన ఎత్తు 486 అడుగులు. ఏడాది పొడుగునా, ప్రత్యేకంగా అనుమతి పత్రం లేకుండా దూకనిచ్చే వంతెన కనుక, క్రొత్తగా నేర్చుకొనేవారు చాలమంది అక్కడికే వెళతారు. వంతెన క్రింద అంతా ఖాళీయే కాబట్టి, పారాచూట్ విచ్చుకొని ఎటు తిరిగినా కొండగోడకు కొట్టుకొనే భయం అక్కడ తక్కువ.

ఇప్పుడు బడిలో చదివిన లెక్క ఒకటి జ్ఞాపకం చేసుకొందాం. గాలి అడ్డును ప్రక్కన పెడితే, పై నుంచి పడే వస్తువు మొదటి సెకనులో 16 అడుగులు దిగుతుంది. రెండు సెకన్లకు 64, మూడు సెకన్లకు 144, నాలుగు సెకన్లకు 256 అడుగులు. అయిదున్నర సెకన్లకు 486 అడుగులూ అయిపోతాయి.

అంటే పెరిన్ వంతెన మీదినుంచి దూకినవాడి ఖాతాలో ఉన్న కాలమంతా అయిదున్నర సెకన్లు. రెండు సెకన్ల దగ్గర పైలట్ చూట్ విసిరితే క్రింద ఇంకా 422 అడుగులు మిగిలి ఉంటాయి. నాలుగు సెకన్లదాకా ఆగితే 230 అడుగులు మిగులుతాయి. 230 అడుగులు చాలవా అని అడగవచ్చు. అప్పటికి అతని వేగం గంటకు 140 కిలోమీటర్లు. ఆ 230 అడుగులూ ఒకటిన్నర సెకనులో కరిగిపోతాయి. కళ్ళు రెండుమూడు సార్లు ఆర్పేంత కాలం అది.

ఇంకొక సంగతి. విమానంలోనుంచి దూకేవారి దగ్గర రెండు పారాచూట్లు ఉంటాయి. ఒకటి తెరుచుకోకపోతే రెండవది. బేస్ దూకుడులో సాధారణంగా ఉండేది ఒక్కటే. రెండవది ఉన్నా విప్పే వ్యవధి లేదు.

చిన్నది పెద్దదానిని లాగడం

పెద్ద పారాచూట్ వీపు సంచిలో మడతపెట్టి ఉంటుంది. అది దానంతట అది బయటికి రాదు. దానిని పట్టి లాగేందుకు ఒక చిన్న గొడుగు కావాలి. అదే పైలట్ చూట్. ఒకవైపు గట్టి గుడ్డ, మరొకవైపు వలగుడ్డ కలిపి గుండ్రంగా కుట్టి ఉంటుంది. దాని అడుగునుంచి బ్రైడిల్ అనే నేతపట్టీ బయలుదేరుతుంది. బేస్ దూకుడులో ఈ పట్టీ పొడుగు సుమారు 9 అడుగులు. పట్టీ నడుమ సంచి మూతను బిగించి ఉంచే పిన్నులు ఉంటాయి. పట్టీ కొస పెద్ద పారాచూట్ నడినెత్తికి కట్టి ఉంటుంది. చిన్న గొడుగు గాలిలో నిండగానే పట్టీ బిగుస్తుంది. పిన్నులు ఊడుతాయి. మూత తెరుచుకొంటుంది. పెద్ద పారాచూట్ బయటికి వస్తుంది. దారాలు సాగుతాయి. గాలి నిండుతుంది.

ఈ ఉపాయం ఒక్క ఈ ఆటకే చెందినది కాదు. మన గగనయానం వ్యోమగాములు తిరిగి వచ్చే గదికి పది పారాచూట్లు అమర్చారు. వాటిలో 25 మీటర్ల వ్యాసం గల పెద్దవి మూడు. ఆ మూడింటినీ బయటికి లాగేవి 3.4 మీటర్ల వ్యాసం గల మూడు పైలట్ చూట్లే. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటనుంచి చేసిన పరీక్షలో ఆ గది పారాచూట్ల సాయంతోనే బంగాళాఖాతంలో దిగింది. అక్కడ యంత్రం సమయం చూసుకొని చిన్న గొడుగును వదులుతుంది. ఇక్కడ వదలవలసింది మనిషి చేయి.

ఎంత గొడుగు కావాలన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. గాలి లాగే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక సెకను పడినవాడి వేగం గంటకు 35 కిలోమీటర్లు, రెండు సెకన్లు పడినవాడిది 70. వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలు. కనుక తక్కువ ఎత్తునుంచి దూకి వెంటనే విప్పుకొనేవాడికి పెద్ద పైలట్ చూట్ కావాలి. విమానంనుంచి దూకేవారు వాడేది సుమారు రెండడుగుల వ్యాసం గలది. వంతెనమీదినుంచి ఒకటి రెండు సెకన్లలో విప్పేవారు 42 నుంచి 48 అంగుళాలది వాడుతారు. 24 అంగుళాల గొడుగు రెండు సెకన్ల వేగంలో ఎంత లాగుతుందో, 48 అంగుళాలది ఒక్క సెకను వేగంలోనే అంత లాగుతుంది. అయితే పెద్దదే ఎప్పుడూ మంచిదని అనుకోరాదు. అధిక వేగంలో పెద్ద గొడుగు వేస్తే అది గుంజే గుంజుడుకు లోపలి మడతలు చెదరి, దారాలు చిక్కుపడవచ్చు. కావిడికి తగిన కుండ అన్నట్లు, దూకే చోటికి తగిన గొడుగు ఉండాలి.

చేతిలో పట్టుకోవడం ఎందుకు?

ఎక్కువ ఎత్తునుంచి దూకేవారు పైలట్ చూట్‌ను సంచి అడుగున ఒక జేబులో దోపుకొంటారు. పడుతూ ఉండగా చేయి వెనక్కి చాచి, దాని పిడి వెదికి, లాగి విసురుతారు. కాలం ఉన్నచోట అది బాగానే ఉంటుంది. రెండు సెకన్లలో పని ముగియవలసినచోట వెదుకులాటకు వ్యవధి ఏది? అందుకని తక్కువ ఎత్తులో దానిని ముందే చేతిలో పట్టుకొని దూకుతారు. పిడి దొరకలేదన్న ప్రమాదం దీనితో పోతుంది. కాని దాని స్థానంలో వేరే ప్రమాదాలు వస్తాయి. చేతికీ వీపుకూ మధ్య ఒక పొడుగాటి పట్టీ వదులుగా ఉంటుంది. అది దేనికి చుట్టుకొన్నా అంతే సంగతులు.

కనుక మొదటి నియమం పట్టీ దారి. సంచి పిన్నునుంచి చేతిదాకా ఆ పట్టీ ఏ అడ్డూ లేకుండా రావాలి. తొడపట్టా క్రిందుగా పోరాదు. చేతి చుట్టూ తిరగరాదు. మెలికపడి ముడి కారాదు. పిన్నులో మొదలుపెట్టి, వేలితో పట్టీని తడుముతూ చేతిదాకా వచ్చి సరిచూసుకోవడం ఇందులోని వారికి నిత్యకర్మ. తాను చూసుకొన్న తరువాత తోటివానితో మరొకసారి చూపిస్తారు. తన వీపు తనకు కనబడదు గదా!

రెండవ నియమం మడత. వలగుడ్డా, లోపలి దారాలూ లోపలికి పోయేటట్లు, గట్టి గుడ్డ బయట ఉండేటట్లు మడుస్తారు. మిగులు పట్టీని వేలాడనివ్వరు. చిన్న చిన్న మడతలుగా పేర్చి గుడ్డతోపాటు చేతిలో పట్టుకొంటారు, లేదా సంచి అడుగు జేబులోకి దోపుతారు. వంతెనమీద గాలి ఎప్పుడూ ఒక తీరున ఉండదు. వేలాడే పట్టీని ఒక్క విసురుతో ఎగరగొట్టి, భుజం మీదుగానో కటకటాల మీదుగానో వేసిపోగలదు.

మూడవ నియమం పిడికిలి. పట్టీని వేలికిగాని, మణికట్టుకుగాని చుట్టరాదు. మన సముద్రతీరంలో విసురువల వేసేవారు వల త్రాటిని మణికట్టుకు కట్టుకొంటారు. వల చేయి దాటి పోకూడదు కనుక అది వారికి సరి. ఇక్కడ చేయి తెరవగానే అంతా పోవాలి. ఏదీ మిగలరాదు. తగులుకొనే ఉంగరం, గడియారం, వదులు చొక్కా చేయి – ఇవేవీ ఆ చేతికి పనికిరావు.

నాలుగవది కటకటాలు దాటడం. పెరిన్ వంతెనమీద దూకేవాడు కటకటాలు ఎక్కి అవతలి అంచున నిలబడాలి. ఒక చేతితో కమ్మీ పట్టుకోవాలి, రెండవ చేతిలో పైలట్ చూట్ ఉన్నది. ఇంతకుముందు సరిగా ఉన్న పట్టీ ఈ ఎక్కిదిగడంలో కమ్మీకి తగులుకోవచ్చు. అందుచేత అవతలి అంచుకు చేరిన తరువాత మళ్లీ మొదటినుంచీ చూసుకోవాలి. “ఇప్పుడే గదా చూశాము” అన్న మాట ఇక్కడ చెల్లదు. మెల్లగా ఎక్కి, ఆగి, చూసి, ఏ మాత్రం అనుమానం వచ్చినా వెనక్కి దిగివచ్చేవాడే ఈ విద్యలో పెద్దవాడనిపించుకొంటాడు. వెనక్కి దిగడంలో సిగ్గు లేదు.

విసరడం, వదలడం

దూకేటప్పుడు క్రిందికి చూస్తే తల వాలి, శరీరం పల్టీ కొడుతుంది. కనుక ఎదుట దిగంతాన్ని చూస్తూ, రొమ్ము ఎత్తి, ముందుకు నెట్టుకొని పోవాలి. తరువాత ముందే నిర్ణయించుకొన్న లెక్క పూర్తికాగానే, చేయి ప్రక్కకు బారుగా చాచి, పైలట్ చూట్‌ను గట్టిగా దూరంగా విసరాలి. ఎడమచేయి కూడా అదే మాదిరి ప్రక్కకు చాపాలి. ఒక్క చేయే చాపితే శరీరం ఒక ప్రక్కకు తిరుగుతుంది.

ప్రక్కకే ఎందుకు విసరాలి? వాగులో బండరాయి వెనుక ఆకు ఒకటి పడితే అది ప్రవాహంతో పోదు. అక్కడే సుడి తిరుగుతూ ఉంటుంది. రాయికి ప్రక్కన వేసిన ఆకు క్షణంలో కొట్టుకుపోతుంది. పడుతున్న మనిషి గాలికి బండరాయివంటివాడు. అతని వీపు వెనుక గాలి చచ్చుపడి సుడి తిరుగుతుంది. పైలట్ చూట్‌ను గట్టిగా విసరక నెమ్మదిగా జారవిడిస్తే ఆ సుడిలో పడి, నిండక, వీపుమీదనే ఆడుతూ ఉంటుంది. ఒక్క సెకను అట్లా పోతే ఎంత పోయినట్లో పై లెక్క చూసిన పాఠకులకు తెలుసు. స్వచ్ఛమైన గాలి శరీరానికి దూరంగా, ప్రక్కన ఉన్నది. అక్కడికి చేర్చడమే విసురు పని.

శరీరం సరిగా లేదని, సర్దుకొన్న తరువాత విసురుదామని ఆగడం తక్కువ ఎత్తులో మహాపరాధం. వంకరగా ఉన్నా విసరవలసిందే. వంకరగా తెరుచుకొన్న పారాచూట్‌తో బ్రతికే అవకాశం ఉన్నది. తెరుచుకోనిదానితో లేదు.

ఇంత భారం క్రొత్తవాని చేతిలో పెట్టడం ఎందుకని, మొదటి దూకుళ్లలో చాల మంది గురువులు వేరే ఏర్పాటు చేస్తారు. పైలట్ చూట్‌ను వంతెనమీద నిలిచిన గురువే పట్టుకొంటాడు. శిష్యుడు దూకగానే పట్టీ బిగిసి, పిన్నులు ఊడి, పెద్ద పారాచూట్ సంచిలోనుంచి బయటపడిన తరువాత గురువు చేతిలోనుంచి అది జారిపోతుంది. ఈ పద్ధతిలో కొన్నిసార్లు దూకి, శరీరం స్థిరపడిన తరువాతనే చిన్న గొడుగు శిష్యుని చేతికి వస్తుంది. అంతకుముందే విమానంనుంచి సుమారు రెండువందలసార్లు దూకిన అనుభవం ఉండాలని ఈ విద్య నేర్పేవారు సాధారణంగా అడుగుతారు. ఈ వ్యాసమో, సెల్ ఫోనులోని దృశ్యమో చూసి నేర్చుకొనే విద్య కాదిది.

ఆలస్యానికి వయసు లేదు

పశ్చిమ వర్జీనియాలో న్యూ రివర్ లోయమీద 876 అడుగుల ఎత్తున ఒక వంతెన ఉన్నది. ఏటా అక్టోబరులో ఒకనాడు జరిగే బ్రిడ్జి డే అనే ఉత్సవంలో అక్కడ దూకనిస్తారు. 2006లో ఆ ఉత్సవానికి బ్రయన్ షూబర్ట్ వచ్చాడు. ఎల్ కాపిటాన్ మీదినుంచి దూకి నలభై ఏళ్లయింది. ఆయనకు వయసు 66. వేలాదిమంది చూస్తుండగా దూకాడు. పారాచూట్ విప్పడంలో ఆలస్యమైంది. అది పూర్తిగా విచ్చుకొనేలోగా నీరు వచ్చింది. ఈ ఆటకు ఆద్యులలో ఒకరైన మనిషి అట్లా మరణించాడు. ధైర్యంలో ఆయనను మించినవారు లేరు. ఆ రోజు కొరవడినవి కొన్ని సెకన్లు మాత్రమే.

ఈ ఆట ఎంత ప్రమాదకరమైనదో ఒక లెక్క ఉన్నది. నార్వేలో షేరాగ్ అనే కొండమీదినుంచి 1995 మొదలు 2005 వరకు జరిగిన 20,850 దూకుళ్లను వైద్యులు పరిశీలించారు. తొమ్మిదిమంది మరణించారు. అంటే 2,317 దూకుళ్లకు ఒక ప్రాణం. ప్రాణాపాయం కాని ప్రమాదాలు 82. అంటే 254 దూకుళ్లకు ఒకటి. ఆ కొండ ఎత్తు వెయ్యి మీటర్లకు దగ్గర. వ్యవధి ఉన్నచోటనే లెక్క ఇట్లా ఉన్నది. ఏ పద్ధతి పాటించినా ఈ ప్రమాదం పూర్తిగా పోదు. పద్ధతి పాటిస్తే తగ్గుతుంది. అంతకు మించి ఎవరు చెప్పినా నమ్మరాదు.

పెద్దలు అడగవలసినవి

మన పిల్లవాడో, పిల్లో ఈ ఆట మాట ఎత్తితే “నీకు భయం లేదా?” అని అడగడం వృథా. లేదనే అంటారు. దానికి బదులు ఇవి అడిగి చూడండి. విమానంనుంచి ఎన్నిసార్లు దూకావు? నీకు నేర్పేది ఎవరు? ఆ వంతెన ఎత్తుకు ఎన్ని సెకన్లు లెక్క పెట్టుకొన్నావు? నీ పైలట్ చూట్ ఎన్ని అంగుళాలది, అంతే ఎందుకు? పట్టీ దారిని చివరిసారి చూసేది కటకటాలకు ఇవతలా, అవతలా? నీ వీపు చూసేది ఎవరు? గాలి బాగాలేక వెనక్కి దిగివచ్చిన రోజు నీకు ఒక్కటైనా ఉన్నదా?

వీటికి తడుముకోకుండా జవాబు చెప్పినవాడు కనీసం ఆట స్వరూపం తెలిసి వెళుతున్నాడు. మనకు నిద్ర పట్టదు, అది వేరే మాట. జవాబులు చెప్పలేనివాడిని ఆపే హక్కు పెద్దలకు ఉన్నది. చివరి ప్రశ్నకు “లేదు” అన్నవాడిని గురించి మరికొంత ఎక్కువ ఆలోచించాలి.

ఇంట్లోని చిన్నపిల్లల సంగతి కూడా ఒకమాట. డాబా మీదినుంచి వానగొడుగు పట్టుకొని దూకాలన్న ముచ్చట ప్రతి తరంలోనూ ఎవరికో ఒకరికి పుడుతుంది. వానగొడుగు మనిషి బరువును ఆపదు. గాలికి తిరగబడి పుల్లలు విరుగుతుంది. మొదటి సెకనులోనే పదహారడుగులు అయిపోతాయని పిల్లలకు లెక్క వేసి చూపించండి. బెదిరింపు మరచిపోతారు గాని, తాము వేసిన లెక్కను మరచిపోరు.